పండగపూట సెలవెవరికి?

ఏటా సంవత్సరాంతంలో ప్రభుత్వాలు రాబోయే ఏడాది సెలవుల జాబితా విడుదల చేస్తాయి. సాధారణ సెలవులు ఒక పట్టికలో, ఐచ్ఛిక సెలవులు మరో పట్టికలో ఉంటాయి. ఏ పండగ ఆదివారం పడి వృథా అయిందో, ఏది సోమవారం కలిసొచ్చిందో ఉద్యోగస్తులు లెక్కలు వేసుకుంటారు. ఈ జాబితాను స్త్రీల వైపు నుంచి చదివితే వేరే లెక్క తేలుతుంది. సంక్రాంతి, ఉగాది, దసరా, రంజాన్, క్రిస్మస్, ఏ మతం పండగైనా సరే, ఆ రోజు మూతపడేవి కచేరీలు, బడులు, ఫ్యాక్టరీలు. వంటిల్లు మూతపడదు. పైగా మామూలు రోజున ఐదింటికి లేచే మనిషి పండగనాడు మూడున్నరకే లేస్తుంది.

ఇక ఆడపిల్లలూ ఆడవాళ్లూ తమలో తాము చేసుకునే చిన్న పండగలున్నాయి. కోస్తాలో అట్లతద్ది, ఉండ్రాళ్లతద్ది, ధనుర్మాసంలో గొబ్బెమ్మలు, తెలంగాణలో బతుకమ్మకు ముందు పెళ్లికాని పిల్లలు ఆడే బొడ్డెమ్మ. వీటికోసం కచేరీలు మూతపడవు, బస్సులు ఖాళీ కావు, పత్రికలు ప్రత్యేక సంచికలు వేయవు. ఇంట్లో మగవాళ్లకు చాలామందికి ఫలానా రోజు ఆ పండగ ఉందని కూడా తెలియదు. నేను ఈ వ్యాసంలో మాట్లాడదలచుకున్నది ఈ చిన్న పండగల గురించే.

మహిళా ఉద్యమంలో పనిచేసే మనలో వీటి పట్ల రెండు ధోరణులు ఉన్నాయి. ఒకటి, ఇవన్నీ మొగుడి కోసం, మంచి మొగుడు రావడం కోసం చేసే నోములే కాబట్టి వాటిని పట్టించుకోనక్కరలేదని. రెండు, ఇవి మన సంస్కృతి, స్త్రీల జానపద సంపద కాబట్టి యథాతథంగా కాపాడుకోవాలని. ఈ రెండూ నాకు సరిపోవు. ఈ పండగల్లో స్త్రీలకు సంప్రదాయం ఒప్పుకున్న తీరిక ఉంది. ఆ తీరిక మీద పితృస్వామ్యం విధించిన షరతులూ ఉన్నాయి. ఆ షరతులను విప్పేసి తీరికను మన హక్కుగా నిలబెట్టుకోవాలన్నది నా వాదన.

ఆ తెల్లవారుజాము ఏమిచ్చింది?

ఆశ్వయుజ బహుళ తదియనాడు వచ్చే అట్లతద్దినే తీసుకుందాం. ముందురోజు సాయంత్రం గోరింటాకు రుబ్బి చేతులకు పెట్టుకుంటారు. తెల్లవారకముందే లేచి గోంగూర పచ్చడితో, పెరుగుతో అన్నం తిని పిల్లలంతా వీధిలోకి వస్తారు. ఇంటింటికీ వెళ్లి తోటివాళ్లను లేపుతారు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు ఆడతారు. చెట్టు కొమ్మలకు కట్టిన ఊయలలు ఊగుతారు. పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం గౌరీపూజ చేసి, చంద్రుణ్ని చూశాక అట్లు తింటారు.

ఇందులో పూజ భాగాన్ని కాసేపు పక్కన పెట్టి తక్కినది చూడండి. చీకటి ఉండగానే పదేళ్ల పిల్లలూ పద్దెనిమిదేళ్ల పిల్లలూ ఊరి వీధిలో గట్టిగా అరుస్తూ తిరుగుతున్నారు. మిగతా 364 రోజులూ ఆడపిల్ల గొంతు గడప దాటకూడదనే ఊరు ఆ ఒక్క రోజు ఏమీ అనదు. ఊయల ఊగడంలో కాళ్లు బారజాపాలి, ఒళ్లు వదులు చేయాలి, ఎత్తుకు పోవాలి. పెద్దమనిషి అయిన దగ్గర్నుంచి ఒళ్లు దగ్గర పెట్టుకోమని నేర్పిన పిల్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇంటిపని మీద పరిశోధన చేస్తూ గోదావరి పల్లెల్లో తిరిగినప్పుడు పెద్దవయసు స్త్రీలను నేను ఒక ప్రశ్న అడిగేదాన్ని. చిన్నప్పుడు మీరు ఏ పనీ లేకుండా ఉన్న రోజు గుర్తుందా అని. చాలామంది మొదట నవ్వేవారు. తర్వాత ఆలోచించి అట్లతద్ది పొద్దు అనో, పుట్టింట్లో ఉన్న సంక్రాంతి నెల అనో చెప్పేవారు. ఒకామె, డెబ్భై దాటిన వ్యవసాయ కూలీ, ఇలా అంది: "పెళ్లయ్యాక ఊయలెక్కలేదమ్మా. పిల్లల్ని ఊపాను గానీ." ఆమె మాటలో ఫిర్యాదు లేదు, ఉన్న సంగతి చెప్పింది. అయితే మన సమాజంలో స్త్రీకి తీరిక ఏ వయసు దాకా అనుమతించారో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

ఆట, విశ్రాంతి హక్కుల మాట ఎత్తితే తిండికీ కూలికీ సంబంధించిన సమస్యలుండగా ఇదేమిటని అనేవారున్నారు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ హక్కుగానే చెప్పింది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడిక 13వ అధికరణం, వినోదంలో, ఆటల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు స్త్రీలకు సమానంగా ఉండాలన్నది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం పిల్లలు ఆడుకునే హక్కు గురించి. ఈ ఒడంబడికలు రెండింటినీ మన దేశం 1990ల మొదట్లోనే అంగీకరించింది. మనం శిక్షణా తరగతుల్లో ఈ ఒడంబడికల్లోని హింస, ఆస్తి, చదువు, ఉద్యోగాల అధికరణాలు వివరించి చెబుతాం. తీరిక దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తాం.

షరతులు

ఇప్పుడు పక్కన పెట్టిన భాగానికి వద్దాం. అట్లతద్ది నోము ఫలం మంచి భర్త. పెళ్లయినవారికి భర్త ఆయుష్షు. సాయంత్రం అట్లు వాయనం ఇవ్వాల్సింది ముత్తయిదువకు. అంటే ఈ తీరికను ఆడపిల్ల తనకోసం తీసుకోవడానికి లేదు, రాబోయే మగవాడి పేరు మీద తీసుకోవాలి. ఆ మగవాడు చనిపోతే ఆ పండగ ఆమెను బయటకు పంపేస్తుంది.

కోస్తాలో ఒక ఊళ్లో ఒక మహిళా సంఘం సభ్యురాలు ఉండేది. ముప్పై రెండేళ్లకే భర్త పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. సంఘం లెక్కలు ఆమే రాసేది, బ్యాంకు పని ఆమే చూసేది. అట్లతద్దికి పప్పు నానబోసేదీ, రుబ్బేదీ, పెనం ముందు కూర్చుని అట్లన్నీ పోసేదీ కూడా ఆమే. వాయనం ఇచ్చే వేళకు మాత్రం తలుపు వెనక్కి వెళ్లిపోయేది. కూతురి నోముకు తల్లి చేతి అట్టు పనికొచ్చింది, తల్లి పనికిరాలేదు. ఎవరూ ఆమెను వెళ్లమని అనలేదు. అనాల్సిన అవసరం రాకుండానే అందరికీ తెలుసు. సంఘం సమావేశంలో బాల్యవివాహాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసిన స్త్రీలే ఆ సాయంత్రం ఆ గదిలో ఉన్నారు.

రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరులో. దాదాపు నూటనలభై ఐదేళ్లయింది. చట్టం ఎప్పుడో మారింది. మళ్లీ పెళ్లి చేసుకోకుండా, పిల్లల్ని పెంచుకుంటూ, తన కాళ్లమీద తను నిలబడిన స్త్రీకి పండగపూట కూర్చోవడానికి చాపమీద చోటు మాత్రం ఇంకా రాలేదు. సంస్కరణోద్యమం ఆమెను మళ్లీ ముత్తయిదువను చేసి లోపలికి తీసుకురావాలనుకుంది. ముత్తయిదువ అన్న కొలబద్దనే తీసేయాలన్న పని మనకు మిగిలింది.

2022 మే నెలలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామ పంచాయతీ ఒక తీర్మానం చేసింది. భర్త చనిపోయినప్పుడు గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంపడం తమ ఊళ్లో ఇక ఉండవని. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలను కూడా ఆ దారిలో నడవమని కోరింది. తీర్మానంతోనే అంతా మారిపోతుందని నేననను. కానీ ఊరంతా కలిసి పెట్టిన కట్టుబాటును ఊరే కూర్చుని విప్పుకోవచ్చునని ఆ పంచాయతీ చూపించింది.

రెండో షరతు కులం. బతుకమ్మ ఊరందరి పండగ అంటాం. గునుగు, తంగేడు అందరి చేలగట్ల మీదా పూస్తాయి. కానీ చాలా ఊళ్లలో బతుకమ్మలను గుడి ముందు ఒకచోట, వాడలో ఒకచోట విడివిడిగా పెట్టి ఆడటం దళిత స్త్రీలు ఎన్నోసార్లు ఎత్తిచూపిన విషయమే. పువ్వు కోసుకొచ్చే చెయ్యి ఒకటి, మధ్యలో పేర్చి పెట్టే చెయ్యి ఒకటి అయినప్పుడు, అందరిదీ అనే మాట ఎవరికి ఉపయోగపడుతోంది?

మతం గీత కూడా ఉంది. మన పట్టణాల్లో, ఒకే సంఘంలో పొదుపు చేసుకునే హిందూ, ముస్లిం, క్రైస్తవ స్త్రీలు అప్పుకు హామీగా ఒకరికొకరు సంతకం చేస్తారు. పండగనాడు పక్కింటి గుమ్మం ముందు ఆగిపోతారు.

అట్టు ఎవరు పోశారు?

మూడో షరతు చాకిరీ. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటిపని చేశారు. ఇంటిపనిలో ఎంతో కొంత చేయి వేసిన పురుషులు చేసినది 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే జరిగింది. స్త్రీలవి 289 నిమిషాలు, పురుషులవి 88. ఐదేళ్లలో స్త్రీల పని పది నిమిషాలు తగ్గిందని సంతోషించబోతే, పురుషులది కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకు వచ్చింది. ఇది పనిలో చేయి వేసిన పురుషులతో పోలిక. అసలు వేయనివాళ్లు ఈ సగటులో లేరు.

ఇది మామూలు రోజులూ పండగలూ కలిపి తీసిన సగటు. పండగ రోజు ఎంత పెరుగుతుందో లెక్క చెప్పడానికి మనకు సర్వే అక్కరలేదు. ఇల్లు కడగడం, ముగ్గులు, పిండి పట్టించడం, పూర్ణాలు, గారెలు, వచ్చినవాళ్లకు వడ్డన, అంట్లు. ఊరినుంచి వచ్చిన ఆడబిడ్డకు పండగ, ఇంట్లో ఉన్న కోడలికి పని. అదే కోడలు తన పుట్టింటికి వెళితే అక్కడ వదిన పని చేస్తుంది. ఒక స్త్రీ తీరిక మరో స్త్రీ చాకిరీ మీద నిలబడటం మన పండగల నిర్మాణంలోనే ఉంది.

మధ్యతరగతి ఇళ్లలో ఆ భారం పనిమనిషి మీదికి జరుగుతుంది. ఏ పండగకు మనం శుభాకాంక్షలు చెప్పుకుంటామో ఆ పండగనాడు ఆమె రెండు పూటలా రావాలి. రాకపోతే నాగా. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం 189వ ఒడంబడిక ఆమోదించింది. వారానికి కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. మన దేశం దాన్ని ఇంతవరకు ధ్రువీకరించలేదు. ప్రభుత్వం ధ్రువీకరించేదాకా మన ఇళ్లలో అమలు చేయకూడదని నియమమేమీ లేదు.

మన పొరుగున ఒడిశాలో ఈ విషయంలో ఆలోచించదగ్గ పండగ ఒకటుంది. జూన్ నడుమ మూడు రోజులు జరిగే రజ పండగ. ఆ మూడు రోజులూ భూమి బహిష్టు అయినట్టు భావిస్తారు. నాగలి కట్టరు, నేల తవ్వరు. స్త్రీలు రుబ్బడం, నూరడం వంటి పనులు చేయకూడదని నియమం. కొత్త బట్టలు కట్టుకుని ఊయలలు ఊగుతారు. బహిష్టును మైలగా చూసే సమాజంలోనే దాని పేరు మీద ఒక విశ్రాంతి పండగ పుట్టడం వింతగా ఉంటుంది. అక్కడ కూడా పోడపిఠా వంటి పిండివంటలు ముందే ఎవరో ఒకరు చేసి పెట్టాలి, ఆ ఎవరో ఒకరు స్త్రీలే. అయినా ఒక విషయం గమనించాలి. ఆ పండగలో విశ్రాంతి ఎవరి దయవల్లో దొరికేది కాదు, ఆచారంలో భాగం. పని చేస్తేనే తప్పు.

చిన్నది పెద్దదైతే

చిన్న పండగలకు గుర్తింపు రావాలని కోరేవారు ఒక సంగతి చూడాలి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది. అంతకుముందు ఉద్యమకాలంలో ఆ పూలపేర్పు చుట్టూ స్త్రీలు వీధుల్లోకి వచ్చిన తీరు, ఆత్మగౌరవానికి అది గుర్తుగా నిలిచిన తీరు మనందరికీ తెలుసు. దాని విలువను నేను తక్కువ చేయను. 2016 అక్టోబరులో హైదరాబాదు ఎల్‌బీ స్టేడియంలో 9 వేలమందికి పైగా స్త్రీలు ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. 2017 నుంచి కొన్నేళ్లపాటు సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించిన చీరలను ప్రభుత్వం పంచింది. మరమగ్గాల కార్మికులకు దానివల్ల పని దొరికింది. ఇదంతా నిజమే.

కానీ ఆటకు లెక్కింపు వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? వాడకట్టు ఆడవాళ్లు తమకు తోచినప్పుడు మొదలుపెట్టి, తమ బాధలు తామే పాటలో కలుపుకుని, తమకు చాలనిపించినప్పుడు చెరువుకు వెళ్లే ఆట అది. స్టేడియంలో ఎవరు ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఆడాలో, ఎవరి ప్రసంగం వినాలో వేరేవాళ్లు నిర్ణయిస్తారు. సంఘాల స్త్రీలను బస్సుల్లో తీసుకొస్తారు. రానివారి పేర్లు రాసుకుంటారు. అక్కడ ఆట కూడా పనిగా మారింది.

మార్కెట్ చేసేది కూడా ఇలాంటిదే. వరలక్ష్మీ వ్రతానికి నగల కొట్టు ప్రకటన, అక్షయ తృతీయకు బంగారం, టీవీ సీరియళ్లు చూసి మన పట్టణాల్లోకి వస్తున్న ఉత్తరాది కర్వాచౌత్. వీటిలో తీరిక లేదు, ఊయల లేదు. ఉపవాసం ఉంది, కొనుగోలు ఉంది, ఫోటో ఉంది. మార్చి 8 సంగతీ అంతే. 1917లో పెట్రోగ్రాడ్ మహిళా కార్మికులు రొట్టె కోసం వీధుల్లోకి వచ్చిన రోజు అది. ఇప్పుడు ఆ రోజు చీరల మీద తగ్గింపు ధర, కచేరీలో ముగ్గుల పోటీ.

అందుకే చిన్నది చిన్నగానే ఉండటంలో ఒక బలముందని నాకనిపిస్తుంది. పదిహేనుమంది స్త్రీలు తమలో తాము మాట్లాడుకుని నియమం మార్చుకోగలరు. రాష్ట్ర పండగ నియమం మార్చాలంటే ఉత్తర్వు కావాలి. వాడకట్టులో మారాల్సింది మనసులే, అవి మనకు తెలిసినవాళ్ల మనసులు.

సమాజం చొరవ అంటే ఎవరి చొరవ?

స్త్రీల ఒడంబడికను 1993లో ధ్రువీకరించేటప్పుడు భారత ప్రభుత్వం ఒక మెలిక పెట్టింది. సామాజిక, సాంస్కృతిక అలవాట్లను మార్చాలన్న 5(ఎ) అధికరణాన్నీ, వివాహం గురించిన 16(1) అధికరణాన్నీ, ఆయా సమాజాల చొరవ, సమ్మతి లేకుండా వాటి అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదన్న తన విధానానికి లోబడే పాటిస్తామని ప్రకటించింది. దీన్ని మనం ఎన్నోసార్లు విమర్శించాం, ఆ విమర్శ సరైనదే. అయితే ఆ మాటను తిప్పి కూడా అడగవచ్చు. సమాజం చొరవ అంటే ఎవరి చొరవ? పండగ చేసే చేతులు స్త్రీలవైనప్పుడు, దాన్ని మార్చే చొరవ కూడా వాళ్లదే ఎందుకు కాకూడదు? అట్లతద్దికి పురోహితుడు పెద్దగా అక్కరలేదు. కథ చెప్పేదీ, పూజ చేయించేదీ ఇంట్లో పెద్దామే. పెత్తనం ఇంతగా స్త్రీల చేతుల్లో ఉన్న ఆచారాలు మనకు ఎక్కువ లేవు. వీటిని వదిలేసుకోవడం తెలివైన పని కాదు.

మతవాద సంస్థలు ఈ చిన్న పండగల విలువ మనకంటే ముందే గ్రహించాయి. కుంకుమపూజలు, సామూహిక వ్రతాలు ఊరూరా పెట్టిస్తున్నాయి. స్త్రీలకు ఒకచోట కూడే అవకాశం కావాలి. ఆ అవసరం నిజమైనది. మనం సమావేశం పెట్టి అజెండా, మినిట్స్ ఇస్తాం. వాళ్లు పాట, ప్రసాదం ఇస్తారు. స్త్రీలు ఎటు వెళతారో ఆశ్చర్యపోనక్కరలేదు.

మరి ఏం చేయవచ్చు?

మొదటిది, వాయనాన్ని మార్చడం. నేను పైన చెప్పిన ఊళ్లో సంఘం స్త్రీలు రెండేళ్లపాటు వాదించుకున్నారు. చివరికి పూజ ఎవరిళ్లలో వాళ్లు చేసుకోవాలని, అట్లు మాత్రం సంఘం ఇంటి ముందు అందరూ కలిసి పంచుకోవాలని అనుకున్నారు. ఎవరు ఎవరికైనా పెట్టవచ్చు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రాలేదు. ఆ లెక్కలు రాసే అమ్మాయి వచ్చింది. ముందు దూరంగా నిలబడింది. ఆమె కూతురే ఆకులో అట్లు పెట్టి తెచ్చి ఇచ్చింది. దీనివల్ల ఆ ఊరు మారిపోయిందని చెప్పను. మర్నాడు ఒక ఇంట్లో శుభకార్యానికి ఆమెను ఎప్పటిలాగే పిలవలేదు. కానీ పిలవకపోవడం తప్పు అని ఆ ఊళ్లో మొదటిసారి పదిమంది బయటకు అన్నారు.

ఇలాంటి కొలబద్ద అసలే లేని ఆచారాలూ మన దగ్గర ఉన్నాయి. నెల్లూరులో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగ చూడండి. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె అంటూ ఒకరి దగ్గర ఒకరు పుచ్చుకుంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు వచ్చి అదే రొట్టెను మరొకరికి ఇస్తారు. ఇచ్చేవారు ఏ మతమో, పుచ్చుకునేవారు ముత్తయిదువో కాదో అడిగే నియమం లేదు. ముక్కూమొహం తెలియని మనిషి కోరికను మన చేత్తో అందించే పద్ధతి అది.

రెండవది, అట్లకాడను చేతులు మార్చడం. అట్లతద్దినాడు అట్లు మగవాళ్లు పోయాలి. ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. మా ఇంట్లో కొన్నేళ్లుగా ఇలాగే జరుగుతోంది. పప్పు నానబోయడం దగ్గర్నుంచి పెనం కడగడం దాకా మా ఆయనదీ మా అబ్బాయిదీ బాధ్యత. మొదటి ఏడాది మా అత్తగారు వంటింటి గుమ్మంలోనే నిలబడ్డారు, అట్టు చిరిగిపోతుందేమోనని. చిరిగింది కూడా. చిరిగిన అట్టు తింటే గౌరీదేవికి కోపం రాదని ఆవిడే అన్నారు. ఒక రోజు వండినంత మాత్రాన ఏడాది పొడవునా ఉన్న 201 నిమిషాల తేడా పోదు. కానీ పని ఎంత ఉంటుందో మోకాళ్ల నొప్పితో తెలుసుకోవడం ఒక చదువు.

మూడవది, సెలవును సెలవుగా ఇవ్వడం. మన ఇళ్లలో పనిచేసే స్త్రీకి తను కోరుకున్న పండగలకు జీతంతో సెలవు ఉండాలి. మనకు పని ఎక్కువ ఉన్న రోజు కాదు, ఆమెకు కావలసిన రోజు. మన స్వచ్ఛంద సంస్థల్లో కూడా ఇది అడగాలి. క్షేత్రంలో తిరిగే కార్యకర్తలకు పండగ సెలవు ఉందా? ఆదివారం సమావేశం పెట్టి, బదులు సెలవు ఇస్తున్నామా? హక్కుల గురించి మాట్లాడే కార్యాలయంలో టీ కప్పులు కడిగే మనిషికి ఏ పండగకు సెలవు?

నాలుగవది, మన సొంత చరిత్రలోంచి చిన్న పండగలు చేసుకోవడం. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇరవై ఏళ్లకు పైగా పాత పంటల జాతర చేస్తున్నాయి. ఎక్కువమంది దళిత స్త్రీ రైతులే. సంక్రాంతి రోజుల్లో మొదలుపెట్టి, జొన్న, కొర్ర, సామ, కంది వంటి విత్తనాలను అలంకరించిన ఎడ్లబళ్ల మీద ఊరూరా తిప్పుతారు. పాటలు, డప్పులు, కలిసి భోజనం, వ్యవసాయం గురించి మాటలు. ఊరి జాతరలో ఒకప్పుడు చోటు దొరకని స్త్రీలు తామే ఒక జాతరను పుట్టించారు. అందులో దేవత ఉందా లేదా అన్న ప్రశ్న కంటే విత్తనం ఎవరి చేతుల్లో ఉందన్నది ముఖ్యమైంది.

మనకు ఇలాంటి తేదీలకు కొదవలేదు. సావిత్రిబాయి ఫూలే పుట్టిన జనవరి 3 ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. ప్రకటన బడికి చేరింది, ఇంటికి చేరలేదు. మన కుటుంబంలో మొదట చదువుకున్న స్త్రీ ఎవరు, ఆమెను బడికి ఎవరు పంపారు, ఎవరు ఆపారు అని ఆ రోజు పిల్లలకు చెప్పుకోవచ్చు. ఇంటిపనివారి రోజుగా జూన్ 16 ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో స్త్రీలు ఆ పని చేశారు! వాటిలో ఎన్ని ఊళ్లు ఆ రోజును గుర్తుపెట్టుకున్నాయి? అప్పుడు పాకెట్లు తగలబెట్టిన స్త్రీలు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్లను కూర్చోబెట్టి, మనం వండి వడ్డించి, ఆ రోజు ఏం జరిగిందో వాళ్ల నోట వినే పండగ ఊరికొకటి ఎందుకు ఉండకూడదు?

1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్ స్త్రీలు దేశమంతటా ఒక రోజు పని మానేశారు. కార్యాలయంలోనూ, ఇంట్లోనూ. సుమారు 90 శాతం మంది పాల్గొన్నారని చెబుతారు. సమ్మె అంటే కొందరు వెనకాడతారని దానికి 'స్త్రీల సెలవు రోజు' అని పేరు పెట్టారు. సెలవు అన్న మెత్తని మాట వెనక ఎంత బలముందో ఆ రోజు ఆ దేశంలో తండ్రులకు తెలిసింది. మన ఊళ్లలో ఆ మాట స్త్రీలకు కొత్త కాదు. అట్లతద్ది పొద్దున ఆడపిల్లలకు, రజ రోజుల్లో పొరుగు స్త్రీలకు, అది ఎప్పటినుంచో ఉంది. ఏడాదికి ఒక పూట, ఒక మగవాడి పేరు మీద, కొందరికే ఉంది. దాన్ని అందరికీ, తమ పేరు మీదే తీసుకునేలా చేయడం మన పని.

ఈసారి మీ సంఘంలో ఏ చిన్న పండగ వచ్చినా మూడు ప్రశ్నలు వేసి చూడండి. వంట ఎవరు చేశారు? తలుపు వెనక ఎవరు నిలబడ్డారు? ఊయల ఎవరెక్కారు? జవాబులు సంఘం పుస్తకంలో రాసి పెట్టండి. పొదుపు లెక్కలు రాసే పుస్తకంలోనే రాయండి. మరుసటి ఏడాది అదే పండగకు ఆ పేజీ తెరిచి, ఏ జవాబు మారిందో అందరికీ వినబడేలా చదవండి.